నర్సు ముఖం మీద పియర్సింగ్: నియమం దేన్ని కాపాడాలి?

అందరికీ నమస్కారం. నర్సింగ్ విద్యార్థులు, వార్డు ఇన్‌చార్జిలు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ చూసేవాళ్లు ఒకే హాల్లో కూర్చోవడం అరుదు. అందుకని ఉపోద్ఘాతం లేకుండా విషయానికి వచ్చేస్తాను. డ్యూటీలో ఉన్న నర్సుకి ముక్కు, కనుబొమ్మ, పెదవి, చెవి పైభాగం ఇలా బయటికి కనపడే చోట పియర్సింగ్ ఉండొచ్చా, ఉండకూడదా? చాలా ఆసుపత్రుల్లో దీని మీద ఒక నియమం ఉంటుంది. ఆ నియమం ఎందుకు పెట్టారో మాత్రం ఎవర్ని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు దాంతో పోట్లాడొచ్చు. పూర్తిగా మానిపోయిన రంధ్రంలో, చర్మానికి అంటుకుని ఉండే చిన్న స్టడ్ ఉంటే మామూలు వార్డులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. వేలాడే రింగులు, గొలుసులు రోగి దగ్గర వద్దు. ఇంకా మానని పియర్సింగ్ ఎంత చిన్నదైనా, ఎంత అందంగా ఉన్నా, దాన్ని పుండుగానే చూడాలి. ఆపరేషన్ థియేటర్‌లోకి మాత్రం ఏ నగా రాకూడదు, అక్కడ చర్చే లేదు.

ఇక అసలు గొడవ ఎక్కడుందో చూద్దాం. పియర్సింగ్ వద్దనేవాళ్లు రెండు కారణాలు చెప్తారు. ఒకటి రోగి క్షేమం. రెండోది చూడ్డానికి బాగుండదు, ప్రొఫెషనల్‌గా ఉండదు అనేది. ఈ రెండూ వేర్వేరు సంగతులు. మనం చేసే పొరపాటల్లా రెండోదాన్ని మొదటి దాని చొక్కా తొడిగి బయటికి తీసుకురావడమే. "ఇన్ఫెక్షన్ వస్తుంది" అనేస్తే ఎవరూ ఎదురు మాట్లాడరు కదా. అలా అలవాటు పడి, నిజంగా ఇన్ఫెక్షన్ ఎక్కడ వస్తుందో చూడ్డం మానేశాం.

మొదట రోగి క్షేమం సంగతి. దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడే గట్టి విషయం ఉంది.

చెవి తమ్మెకు కుట్టించుకుంటే మానడానికి సుమారు 6 నుంచి 8 వారాలు పడుతుంది. ముక్కు రెక్కకి రెండు నుంచి నాలుగు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. చెవి పైభాగంలో మృదులాస్థి ఉంటుంది, అక్కడ కుట్టించుకుంటే నాలుగు నెలలు మొదలుకొని ఏడాది దాకా పట్టొచ్చు. కారణం మీ అనాటమీ పుస్తకంలోనే ఉంది. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, దాని మీదుండే పలచని పొర నుంచే దానికి పోషణ అందుతుంది. రక్తం అందని చోట గాయం నెమ్మదిగా మానుతుంది, చీము పట్టిందంటే మందు కూడా సరిగ్గా చేరదు. ముదిరితే చెవి ఆకారమే కుంగిపోతుంది.

ఆ చీముకి తరచుగా కారణమయ్యే క్రిమి పేరు సూడోమోనాస్. ఈ పేరు మనకి కొత్త కాదు. తడి ఎక్కడుంటే అక్కడ బతుకుతుంది, సింకుల్లో, కుళాయి మూతుల్లో. కాలిన గాయాలున్న రోగికి, వెంటిలేటర్ మీదున్న రోగికి అది సోకితే మనం ఎంత భయపడతామో ఐసీయూలో చేసినవాళ్లకి తెలుసు. చెవి పైన ఎర్రగా వాచి, రసి కారుతున్న పియర్సింగ్‌తో ఒక నర్సు బర్న్స్ వార్డులో డ్రెస్సింగ్ మారుస్తోందంటే అది స్టైల్‌కి సంబంధించిన విషయం కానే కాదు.

ఒకసారి అలాంటి అమ్మాయినే చూశాను. ఫైనలియర్ విద్యార్థిని, పనిలో చాలా చురుకు. జుట్టుని ఎడమ చెవి మీదకి లాగి క్లిప్పు పెట్టుకుంది. క్యానులా, అంటే సిరలోకి ఎక్కించే సన్నని గొట్టం, వేయడానికి ట్రే సర్దుతోంది, చేతులు కడుక్కుంది, గ్లవ్స్ వేసుకుంది, అంతా సరిగ్గానే ఉంది. రోగి చెయ్యి పట్టుకోబోయే ముందు ముంజేతితో ఒకసారి, ఆ తర్వాత గ్లవ్ వేలితోనే ఒకసారి, జుట్టు పైనుంచి చెవిని నొక్కుకుంది. చేసిన సంగతి ఆమెకి తెలియనే తెలియదు. పక్కకి పిలిచి జుట్టు తొలగించమంటే చెవి పై అంచు నల్లద్రాక్షలా కమిలి వాచి ఉంది. ఎన్నాళ్లుగా ఇలా ఉందమ్మా అంటే ఏడ్చింది. కనపడితే సంజాయిషీ రాసివ్వమంటారని, హాజరు పోతుందని భయపడి దాచుకుంది. ఆ వార్డులో అప్పుడున్న నియమం ఒక్క వాక్యమే: "కనపడే పియర్సింగ్‌లు నిషేధం." ఆ అమ్మాయి నియమాన్ని అక్షరాలా పాటించింది. కనపడనివ్వలేదు.

నియమం కంటి గురించి రాస్తే పిల్లలు కంటి నుంచి దాచుకుంటారు. గాయం గురించి రాసి ఉంటే ఆమె మొదటి రోజే ఇన్‌చార్జి దగ్గరికి వచ్చి ఉండేది.

చెయ్యి ముఖం మీదకి వెళ్లడం అనేది మామూలు విషయం కాదు. ఆస్ట్రేలియాలో 26 మంది వైద్య విద్యార్థుల్ని వీడియో తీసి లెక్కపెట్టారు, 2015లో అచ్చయింది. సగటున గంటకు 23 సార్లు ముఖం తాకారు. అందులో సగానికి కాస్త తక్కువ సార్లు వేళ్లు కంటికో, ముక్కుకో, నోటికో తగిలాయి. వాళ్ల మీద పియర్సింగ్ గురించి చూడలేదు, ఊరికే ముఖం తాకడమే చూశారు. కొత్తగా కుట్టించుకున్న చోటు దురద పెడుతుంది, సలుపుతుంది. మాస్కు కింద ముక్కు స్టడ్ రాసుకుంటుంది. అప్పుడు చెయ్యి ఇంకెన్నిసార్లు వెళ్తుందో మీరే ఊహించుకోండి. ఇక ముక్కు సంగతి వేరే చెప్పాలి. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి ఏ సమయంలో చూసినా ఇంచుమించు 30 శాతం మంది ముక్కులో కాపురం ఉంటుంది. వాళ్లకి ఏ జబ్బూ ఉండదు. ఆ ముక్కు తాకిన వేలు కుట్ల మీద పడితే రోగికి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన చేతి పరిశుభ్రత మార్గదర్శకాలు మనందరికీ కంఠతా వచ్చు. రోగిని తాకే ముందు, శుభ్రమైన ప్రొసీజర్‌కి ముందు, శరీర ద్రవాలు తగిలాక, రోగిని తాకాక, రోగి చుట్టూ ఉన్న వస్తువుల్ని తాకాక చేతులు శుభ్రం చేసుకోవాలి. ఈ ఐదు సందర్భాల్లో "నర్సు తన ముఖం తాకాక" అనేది విడిగా లేదు. కాబట్టి దాన్ని మనమే గుర్తుపెట్టుకోవాలి. అదే మార్గదర్శకాల్లో ఉంగరాలూ ఇతర నగలూ వద్దని గట్టిగా చెప్పారు. మామూలు పనిలో సాదా పెళ్లి ఉంగరం వరకు ఒప్పుకోవచ్చన్నారు. ఉంగరం కింద చర్మం మీద క్రిములు ఎక్కువగా చేరతాయని పరిశోధనల్లో తేలింది కాబట్టి అలా అన్నారు. చేతికి సంబంధించిన ఆధారం అంత బలంగా ఉంది. బాగా మానిపోయిన ముక్కుపుడక గురించి ఆ స్థాయి ఆధారం లేదు. ఆధారం లేని చోట ఉన్నట్టు మాట్లాడితే, ఉన్న చోట మనం చెప్పేది కూడా విద్యార్థులు నమ్మరు.

ఇంకో వైపు నుంచి కూడా చూడాలి, నర్సు వైపు నుంచి. మానని రంధ్రం అంటే తెగిన చర్మం. రక్తం చిమ్మి చెక్కుచెదరని చర్మం మీద పడితే కడుక్కుంటాం. తెగిన చర్మం మీద పడితే దాన్ని ఎక్స్‌పోజర్ అంటాం, రిపోర్టు రాస్తాం, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలకి రక్తం ఇస్తాం, ఆ తర్వాత వారాల తరబడి టెన్షన్. కనుబొమ్మ మీద పదిరోజుల పియర్సింగ్‌తో క్యాజువాలిటీలో నిలబడ్డ పిల్లకి ఈ సంగతి ఎవరైనా చెప్పారా? నేను చూసినంత వరకు "బాగోదు తీసెయ్" అనే చెప్తారు.

రింగుల గురించి పొడుగ్గా చెప్పక్కర్లేదు. జబ్బు వల్ల అయోమయంలో, అంటే డెలీరియంలో, ఉన్న పెద్దాయన, మతిమరుపు జబ్బున్న పెద్దావిడ, చంకనెత్తుకున్న ఏడాది పిల్లాడు, వీళ్ల చెయ్యి మెరిసేదాని మీదకే వెళ్తుంది. ముక్కు రింగు లాగితే ముక్కు రెక్క చీలుతుంది. మంచం మీద నుంచి రోగిని లేపి కూర్చోబెట్టేటప్పుడు ఆయన తల మన మెడ పక్కనే ఉంటుంది. ఆయన చర్మం కాగితంలా పలచబడి ఉంటే మన చెవి రింగు కొస చాలు గీరుకుపోవడానికి. అందుకే వేలాడేది వద్దు. అయితే ఇదే లెక్కన మెడలో వేలాడే ఐడీ కార్డు ట్యాగు సంగతేమిటి? అది ఒక మంచం నుంచి ఇంకో మంచానికి దుప్పట్లు రాసుకుంటూ పోతుంది, వారాల తరబడి ఎవరూ ఉతకరు. దాన్ని ఎవరూ అడగరు, ఎందుకంటే అది ఇచ్చింది ఆసుపత్రే. ఆ ట్యాగు తీసేసి క్లిప్పు ఇవ్వండి అని ఇక్కడున్న ఇన్‌చార్జిలని అడుగుతున్నాను.

మాస్కు విషయం. ఎన్95 లాంటి రెస్పిరేటర్ అంచు ముఖానికి గాలి చొరకుండా అతుక్కోవాలి, ఫిట్ టెస్ట్ చేసేది అందుకే. సాధారణంగా ముక్కు రెక్క మీద చిన్న స్టడ్ ఆ అంచుకి లోపలే ఉంటుంది. ముక్కు పైభాగాన కళ్ల మధ్య, బుగ్గ మీద, కింది పెదవికీ గడ్డానికీ మధ్య పెట్టుకున్నవి సరిగ్గా అంచు కిందకి రావచ్చు. ఇక్కడ వాదన అక్కర్లేదు. పెట్టుకుని ఫిట్ టెస్ట్ చేయించండి, పాసైతే ఉంచుకోండి, ఫెయిలైతే తీసేయండి. ఎంఆర్ఐ గదిలోకి రోగితో పాటు వెళ్లే నర్సయితే అక్కడి స్క్రీనింగ్ వాళ్లు ఏది తీయమంటే అది తీయాలి. అయస్కాంతానికి మన అభిప్రాయాలతో పని లేదు.

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టే ఒక అలవాటు. స్టడ్ తీసేసి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ రిటైనర్ పెట్టుకుంటే ఒప్పుకుంటాం అనే ఆసుపత్రులు ఉన్నాయి. కనుబొమ్మ మీద ప్లాస్టర్ అంటించుకుంటే చాలు అనేవీ ఉన్నాయి. ఆలోచించండి. రంధ్రం అదే, చర్మం అదే, దానిలో ఉన్న క్రిములూ అవే. మారింది కంటికి కనపడటం ఒక్కటే. షిఫ్టు సగం అయ్యేసరికి చెమటకి ఆ ప్లాస్టర్ అంచులు లేచి మురికి పట్టి ఉంటాయి, స్టడ్ కన్నా అదే అపరిశుభ్రం. రిటైనర్‌ని అనుమతించే నియమం ఇన్ఫెక్షన్ కోసం పెట్టింది కాదని ఆ నియమమే చెప్తోంది. అది రూపం కోసం పెట్టింది. అలాంటప్పుడు రూపం గురించే మాట్లాడదాం, దాచుకోకుండా.

రూపానికి విలువ లేదని నేను అనను. నొప్పితో, భయంతో మంచం మీదున్న మనిషి మనల్ని చూసి మొదటి క్షణంలోనే ఒక అంచనాకి వస్తాడు. ఈ విషయం మీద పరిశోధనలు జరిగాయి. 2012లో అచ్చయిన ఒక అధ్యయనంలో రోగులకి ఫొటోలు చూపించారు. చెవి తమ్మెలకి కాకుండా వేరేచోట పియర్సింగ్‌లున్న సిబ్బందికి ఆత్మవిశ్వాసం, సమర్థత, కలుపుగోలుతనం లాంటివాటిలో తక్కువ మార్కులు పడ్డాయి. పచ్చబొట్ల విషయంలో అయితే, ఒకేలాంటి పచ్చబొట్టు ఉన్నా మగవాళ్ల కన్నా ఆడవాళ్లకే ప్రొఫెషనలిజంలో తక్కువ పడింది. ఈ రెండో ఫలితాన్ని గుర్తుపెట్టుకోండి. జనం అభిప్రాయాన్నే నియమం చేసేస్తే, అందులో ఉన్న పక్షపాతం కూడా నియమంలోకి వచ్చేస్తుంది.

2018లో అమెరికాలోని ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో ఇంకో రకంగా చూశారు. ఫొటోలు కాదు, నిజంగా డ్యూటీలో ఉన్న డాక్టర్లే కొన్ని రోజులు ఉత్తుత్తి పియర్సింగ్, కొన్ని రోజులు ఉత్తుత్తి పచ్చబొట్టు, కొన్ని రోజులు రెండూ పెట్టుకున్నారు, కొన్ని రోజులు ఏమీ లేకుండా పనిచేశారు. 900 మందికి పైగా రోగుల్ని తర్వాత అడిగారు. సమర్థతలో గానీ, ప్రొఫెషనలిజంలో గానీ, నమ్మకంలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఒకరు డాక్టర్ల మీద చేశారు, ఇంకొకరు ఫొటోల మీద చేశారు, రెండూ పూర్తిగా ఒకటి కావు, ఒప్పుకుంటాను. అయినా నాకు ఇందులో అర్థమయ్యేది ఒకటుంది. ఫొటోలో రోగికి అంచనా వేయడానికి ఆ లోహపు ముక్క తప్ప ఇంకేమీ లేదు. మంచం పక్కన మన గొంతు ఉంది, చెయ్యి ఉంది, చెప్పిన టైమ్‌కి నొప్పి ఇంజెక్షన్ తెచ్చామా లేదా అన్నది ఉంది. రోగి వాటిని చూసే తీర్పు చెప్తాడు. 1859లోనే ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సుల దుస్తుల మీద మండిపడింది. పట్టు బట్టల గరగర, తాళంచెవుల గలగల, చెప్పుల కిర్రు రోగికి చేసే హాని గురించి రాసింది. గమనించండి, ఆమె బాధ ఆ బట్ట రోగి నిద్రని ఏం చేస్తోంది అన్నదే. నేను పట్టుకోమంటున్న కొలబద్ద కూడా అదే.

ఈ కొలబద్దని కోర్టు కూడా ఎలా వాడిందో చెప్తాను. బ్రిటన్‌లో ఒక సీనియర్ నర్సు మెడలో గొలుసుతో శిలువ వేసుకునేది. 2007లో ఆసుపత్రి యూనిఫాం మారి వీ మెడ రావడంతో అది బయటికి కనపడింది. గొలుసు వద్దన్నారు. రోగి పట్టుకుని లాగొచ్చు, వంగినప్పుడు పుండుకి తగలొచ్చు అన్నారు. బ్రూచ్‌లా యూనిఫాంకి పెట్టుకోమన్నారు, లేదా మెడ మూసే టాప్ లోపల వేసుకోమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. కేసు యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2013 జనవరిలో తీర్పు ఆసుపత్రి వైపు వచ్చింది. అదే రోజు, అదే తీర్పులో, శిలువ గొలుసే వేసుకున్న ఒక విమానయాన సంస్థ ఉద్యోగిని గెలిచింది. ఎందుకంటే అక్కడ కంపెనీ చెప్పిన కారణం తమ ఇమేజ్. ఒక మనిషి విశ్వాసాన్ని పక్కన పెట్టడానికి ఆ బరువు చాలదు, రోగుల భద్రతకి ఆ బరువు ఉంది అని కోర్టు తేల్చింది.

పియర్సింగ్ అయినా అంతే. కొందరికి అది మత విశ్వాసం, కొందరికి కుటుంబం నుంచి వచ్చిన గుర్తు, కొందరికి కేవలం ఇష్టం. భద్రత కారణం నిజంగా ఉంటే ముగ్గురూ తీయాల్సిందే. లేకపోతే ముగ్గురిలో ఎవర్నీ తీయమనే హక్కు మనకి లేదు. ఆ నియమం వార్డు రౌండ్స్‌కి వచ్చే పెద్ద డాక్టరుకి కూడా వర్తించాలి. చేతి గడియారంతో, రెండు ఉంగరాలతో ఆయన కుట్లు విప్పి చూస్తుంటే పక్కన నిలబడి, అమ్మాయి ముక్కుపుడక గురించి మాట్లాడటం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. సూక్ష్మక్రిములకి హోదాలు తెలియవు.

ఎవరో చీటీ మీద ప్రశ్న పంపారు, చదువుతాను. "నాలుకకి ఉంది మేడమ్, నోరు మూసుకుంటే కనపడదు, దాని సంగతేంటి?" మంచి ప్రశ్న, కనపడటం అనే నియమం ఎక్కడ ఓడిపోతుందో ఇదే చెప్తోంది. నాలుకకి కుట్టించుకున్నాక మొదట్లో బాగా వాస్తుంది, మాట ముద్దగా వస్తుంది. మాస్కు వెనక నుంచి, సరిగ్గా వినపడని ఒక ముసలాయనకి "ఈ మాత్ర సగమే వేసుకోండి" అని చెప్పాలి. ఆ "సగమే" అన్న మాట ఆయనకి చేరిందా? చేరకపోతే అది మందు పొరపాటుకి దారి. వాపు తగ్గి మాట స్పష్టంగా వస్తుంటే నర్సుగా నాకు అభ్యంతరం లేదు. పళ్ళు చిట్లుతాయి, చిగుళ్లు తగ్గుతాయి, అది మీ డెంటిస్టు చెప్తారు.

ఇంకొకరు అడుగుతున్నారు, ఇప్పటికే కుట్టించుకుని ఇంకా మానలేదు, రేపటి నుంచి క్లినికల్ పోస్టింగ్, ఏం చేయాలి అని. తీసేయకండి తొందరపడి. కొత్త రంధ్రం గంటల్లో మూసుకుపోవచ్చు, చీము ఉంటే లోపలే బిగిసిపోతుంది. ఇవాళే మీ ఇన్‌చార్జికో, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుకో చూపించండి. ఎరుపు, వాపు, రసి ఉంటే అది తగ్గేదాకా డ్రెస్సింగులు, బర్న్స్, ఐసీయూ, నెలలు నిండని పిల్లల యూనిట్ వద్దు. వేరే పని ఇవ్వమని అడగండి. ఇంకా కుట్టించుకోనివాళ్లు, కావాలనుకుంటే పొడుగు సెలవుల మొదట్లో కుట్టించుకోండి, పోస్టింగ్‌కి ముందు వారం కాదు. చెవి పైభాగానికైతే సెలవులు కూడా చాలవని తెలుసుకుని నిర్ణయించుకోండి.

ఇన్‌చార్జిలకి ఒక మాట. అలా చూపించడానికి వచ్చిన పిల్లని తిట్టకండి, మార్కులు తగ్గించకండి, నలుగురిలో మాట్లాడకండి. చెవి చూడండి, మందు రాయించండి, డ్యూటీ మార్చండి, వారం తర్వాత మళ్లీ చూడండి. మీ వార్డు గోడ మీద "కనపడే పియర్సింగ్‌లు నిషేధం" అని ఉంటే దాన్ని తీసి ఇలా రాయించండి: మానని పియర్సింగ్ ఉంటే డ్యూటీ మొదలయ్యే ముందు ఇన్‌చార్జికి చెప్పాలి, రోగి దగ్గర వేలాడేవి ఉండకూడదు, థియేటర్‌లో ఏదీ ఉండకూడదు, ఇది డాక్టర్లతో సహా అందరికీ వర్తిస్తుంది.